తాగని గావా

లారీ నన్ను పంపు స్టేషను ముందు దించేసరికి మధ్యాహ్నం రెండైంది. 1979, సెప్టెంబరు. కాలు కింద పెడితే బూటు అడుగు వేడికి మెత్తబడింది. చుట్టూ చూశాను. చెట్టు లేదు, గుట్ట లేదు. కనుచూపు మేర గులకరాళ్ళు పరిచినట్టున్న చదును నేల. దక్షిణాన ముత్లా మిట్ట, దాని అవతల కువైట్ నగరం. ఉత్తరాన అబ్దలీ, ఆ తర్వాత ఇరాకు సరిహద్దు. మధ్యలో రెండు నీటి పంపులు, ఒక సిమెంటు తొట్టి, ఒక రేకుల గది, ఒక వైర్‌లెస్ స్తంభం. అదే నా పోస్టు.

మా రాయచోటిలో పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు, "తాతా, మిలిటరీలో యుద్ధం చూసినావంట గదా, చెప్పు" అని. చూశాను. డెబ్బై ఒకటిలో తూర్పు సరిహద్దులో ఉన్నాను. కానీ చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ యుద్ధం కాదు. హవల్దారుగా పెన్షను తీసుకుని వచ్చాక, కువైట్‌లో చేసిన ఈ వాచ్‌మన్ డ్యూటీ. అక్కడ నా చేతిలో తుపాకీ లేదు. భుజం మీద పట్టీలు లేవు. అయినా నేను చేసిన డ్యూటీలన్నిటిలో పెద్దది అదేనని నా నమ్మకం.

సూపర్‌వైజర్ రెండు ఖాకీ చొక్కాలు, ఒక లాఠీ, ఒక ఈల, ఒక టార్చి ఇచ్చాడు. నీళ్ళ సీసా మాత్రం నా పాత మిలిటరీదే. డ్యూటీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు. ఆర్డర్లు రెండే. పంపు ఆగకూడదు, రోడ్డు పనివాళ్ళకు నీళ్ళు అందాలి. ఉత్తరం నుంచి ఎవరైనా నడిచి వస్తే వెంటనే గస్తీ పోలీసులకు వైర్‌లెస్‌లో చెప్పాలి. వాళ్ళొచ్చి ఆ మనుషుల్ని వచ్చిన దారినే వెనక్కి పంపేస్తారు. పెద్ద పొరుగుదేశంతో తగువు ఎవరికి కావాలి?

వైర్‌లెస్ ఆపరేటర్ది అమలాపురం వైపు. నాకంటే రెండేళ్ళు ముందొచ్చాడు. నేను సీసా నడుముకు కట్టుకుని నిటారుగా నిలబడితే చూసి నవ్వాడు.

"ఎవరి మీదకండీ హవల్దారు గారూ దండయాత్ర? ఇక్కడ ఉన్నయ్యల్లా రెండు పంపులూ, ఓ బల్లీ. బల్లి కూడా పారిపోయేలాగుందండి, ఆయ్."

"నవ్వుతావు గానీ, ఆ బూట్లకు పాలిష్ యెప్పుడు పెట్టినావప్పా నువ్వు?" అన్నాను. అప్పటి నుంచీ మేం ఒకరిని వదిలి ఒకరం ఉండలేదు.

మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అరవై దాటిన పెద్దాయన. ఎడారిలో పుట్టి, ఒంటెలు కాసి, కాంట్రాక్టులు పట్టి పైకొచ్చాడు. నగరంలో మిష్రిఫ్ పేటలో మేడ కట్టుకున్నా, ప్రతి గురువారం పంపు పక్కన వేసి ఉంచిన డేరాలో కూర్చుంటేగానీ ఆయనకు మనసు కుదుటపడేది కాదు. మాతో మాట్లాడీ మాట్లాడీ హిందీ నేర్చుకున్నాడు. మేం ఆయన్ను బాబా అనేవాళ్ళం. నిప్పుల మీద ఇత్తడి కూజాలో గావా తానే కాచేవాడు. అది మన కాఫీ కాదు. పసుపు రంగు, ఏలకుల వాసన, చక్కెర ఉండదు. పిడి లేని బుల్లి గిన్నెలో, రెండు గుక్కలంత పోస్తారు. దాన్ని ఫింజాన్ అంటారు.

మొదటి గురువారం నాకూ పోశాడు. తాగాను. వెంటనే మళ్ళీ పోశాడు. పెద్దమనిషి పోస్తుంటే వద్దనడం ఏం మర్యాదని మళ్ళీ తాగాను. మళ్ళీ పోశాడు. అలా ఎన్నయ్యాయో లెక్క తెలియదు, నాలుక చేదెక్కిపోయింది, చెమటలు పట్టాయి. ఆపరేటర్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఫింజాన్ ఆడించండి మహానుభావా! ఆడిత్తే చాలని అర్థం. లేపోతే తెల్లార్లూ పోత్తానే ఉంటారు."

ఆడించాను. పెద్దాయన కూడా పడీపడీ నవ్వాడు. నా సర్వీసులో ఏ ఆఫీసరూ నా చేతికి తన చేత్తో కాఫీ ఇవ్వలేదు. ఆ సంగతి ఆ రోజే మా ఇంటికి ఉత్తరం రాశాను.

చలికాలం గడిచింది. ఎండలు తిరిగొచ్చాయి. ఉత్తరం నుంచి వచ్చే లారీ డ్రైవర్లు మాటలు తగ్గించేశారు. మునుపు టీ తాగుతూ అరగంట కూర్చునేవాళ్ళు, ఇప్పుడు నిలబడే తాగి వెళ్ళిపోతున్నారు. బాగ్దాదులో కొత్తగా గద్దె ఎక్కినాయన ఉపన్యాసాలు రేడియోలో పొద్దస్తమానం వస్తున్నాయి. ఒక డ్రైవరు తన లారీ అద్దానికి ఆయన బొమ్మ అంటించాడు. "అంత ఇష్టమా?" అని అడిగాను. అటూ ఇటూ చూసి, "లేకపోతే ఎందుకు లేదని అడుగుతారు భాయ్" అన్నాడు.

ఆ జూన్‌లో రెండు రోజులు తోజ్ కొట్టింది. తోజ్ అంటే దుమ్ముగాలి. ఎదుటి మనిషి కనిపించడు, అన్నంలో ఇసుక, చెవుల్లో ఇసుక. మూడో రోజు, గురువారం, పొద్దున తొమ్మిదికి కొంచెం తెరిపి ఇచ్చింది. తొట్టి దగ్గర ముగ్గురు నిలబడి ఉన్నారు. కోటు వేసుకున్న ఒకాయన, ఆయన భార్య, ఏడెనిమిదేళ్ళ పాప. తలలూ కనుబొమలూ దుమ్ముతో తెల్లబడి ముగ్గురూ ముసలివాళ్ళలా ఉన్నారు. పక్కనే నీళ్ళున్నా ముట్టలేదు. ఎవరైనా తాగమంటారేమోనని చూస్తున్నారు.

డెబ్బై ఒకటిలో మూటలతో వచ్చిన జనాన్ని చూసినవాణ్ణి. ఎవరూ ఏమిటీ అని అడగాల్సిన పని లేదు. సీసా విప్పి పాపకిచ్చాను. డేరాలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఖర్జూరాలు పెట్టాను.

ఆయన ఇంగ్లీషు బాగా మాట్లాడాడు. బస్రాలో హైస్కూలు మాస్టారట. చరిత్ర చెబుతాడట.

"నేనేమీ అనలేదు," అన్నాడు. మాటిమాటికీ అదే. "పుస్తకంలో ఉన్నదే చదివాను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ. ఒక మనిషి గద్దె ఎక్కడం. ముందు ఊరంతా ఆయన బొమ్మలు. తర్వాత పత్రికలన్నీ ఒకే మాట మాట్లాడటం. తర్వాత కొందరిని మీరు ఇక్కడివాళ్ళు కాదనడం. వాళ్ళ కొట్ల మీద గుర్తులు వేయడం, ఉద్యోగాలు తీసేయడం. నిన్నటిదాకా పలకరించిన పొరుగువాళ్ళు తల తిప్పుకుని వెళ్ళిపోవడం. అక్కడిదాకా చదివాను. ముందు బెంచీలో ఒక అబ్బాయి తలెత్తి నల్లబల్ల పైన గోడకేసి చూశాడు. ఇంకొకడు చూశాడు. చూస్తుండగానే క్లాసంతా తలలెత్తి అటే చూస్తోంది. అక్కడ ఎవరి బొమ్మ ఉందో మీకు చెప్పక్కర్లేదు కదా. ఎవరూ నవ్వలేదు. నేను పుస్తకం మూసేశాను. యుద్ధం పాఠం చెప్పనే లేదు."

 పెరేడ్‌లో 'దహినే దేఖ్' అంటే వందల తలలు ఒక్కసారిగా కుడివైపు తిరుగుతాయి. అలా తిరగడం చూసి పొంగిపోయినవాణ్ణే నేను. ఏ ఆర్డరూ లేకుండా పిల్లల తలలు అలా తిరిగాయంటే, ఆ ఊళ్ళో భయం ఎంతవరకు వచ్చిందో అర్థమైంది.

వారం తిరక్కుండా తోటి మాస్టార్లిద్దరు మాయమయ్యారట. భార్య తాత ఎప్పుడో ఇరాన్ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు కాబట్టి ఆమె ఆ దేశపు మనిషి కాదని ఇంటికి కబురొచ్చిందట. వీధి చివర జనాన్ని పట్టుకెళ్ళే లారీ ఆగిన రోజు, వీళ్ళు పెరటి గుమ్మం నుంచి బయటపడ్డారు. ఇప్పుడు వెనక్కి పంపితే ఆయనకు ఉరి. భార్యాబిడ్డలు ఏమవుతారో ఆయన నోటితో చెప్పలేకపోయాడు.

ఆపరేటర్ నన్ను బయటకు పిలిచాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఆర్డరు ఆర్డరేనండి హవల్దారు గారూ. చెప్పకపోతే మన ఇఖామా పర్మిట్లు కేన్సిలు చేసి ఇంటికి తోలేత్తారు. నాకు మాత్రం జాలి లేదనుకోకండి."

"నీకు జాలి లేదని యెవరన్నారప్పా? బాబా రానీ. ఆయన డేరా, ఆయన మాట."

అప్పుడే సెట్ గరగరలాడింది. "పంపు టూ, పంపు టూ. ఉత్తరం నుంచి ఎవరైనా వచ్చారా? ఓవర్."

ఆపరేటర్ నావైపు చూశాడు. వైర్‌లెస్‌లో అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. పదిహేనేళ్ళ సర్వీసు అది. "ఉండేది ఉన్నట్టు చెప్పు," అన్నాను. "బాబా డేరాలో ముగ్గురు అతిథులు ఉండారు అని చెప్పు."

చెప్పాడు.  "వస్తున్నాం. ఓవర్."

నా అదృష్టం, పెద్దాయన జీపు ముందొచ్చింది. జరిగింది చెప్పాను.  ఆయన చేతులు కడుక్కుని, నిప్పులు రాజేసి, గావా కాచాడు. మొదటి ఫింజాన్ మాస్టారుకే ఇచ్చాడు. తర్వాత ఆపరేటర్‌కి, నాకు.

మాస్టారు రెండు చేతులా అందుకుని, తాగకుండా, తివాచీ మీద తన ముందు పెట్టుకున్నాడు.

మన ఇళ్ళల్లో అతిథి కాఫీ ముట్టకపోతే మనసు ఊరుకుంటుందా? "తాగండి సార్, చల్లారిపోతాది" అన్నాను. కదల్లేదు. మొహమాటపడుతున్నాడేమోనని, "తీసుకోండి సార్, పర్వాలేదు" అని ఫింజాన్ ఆయన చేతి దగ్గరకు జరపబోయాను. ఆపరేటర్ నా తొడ మీద గట్టిగా గిల్లాడు.

"ఊరుకోండి బాబూ!" చెవిలో అన్నాడు. "ఏదో కోరికతో వచ్చాడని అర్థమండి. అది తీరుత్తానని ఇంటాయన మాటిచ్చేదాకా తాగడు. తాగకుండా పంపేత్తే ఈళ్ళల్లో అంతకన్నా సిగ్గుచేటు లేదు."

నా చేయి గాల్లోనే ఆగిపోయింది. రెండో చేతిలో నా ఫింజాన్ ఇంకా నిండుగానే ఉంది. దించి కింద పెట్టాను. పక్కకు చూస్తే, ఆర్డరు ఆర్డరే అన్న ఆపరేటర్దీ కిందే ఉంది.

గస్తీ ఆఫీసరు లోపలికొచ్చాడు. పాతికేళ్ళుంటాయి. పెద్దాయన తెగవాడే, ఆయన్ను తమ భాషలో బాబాయ్ అనేవాడు. సలాం చెప్పి కూర్చున్నాడు. చేతికి గావా వచ్చింది. తాగి, ఫింజాన్ ఆడించి ఇచ్చేశాడు. అప్పుడు కిందికి చూశాడు. వరసగా మూడు నిండు ఫింజాన్లు. అతని ముఖం మారింది.

"ఆర్డరుంది బాబాయ్" అన్నాడు మెల్లగా.

పెద్దాయన మాస్టారు వైపు తిరిగి, "ఏం కావాలి ఉస్తాద్?" అని అడిగాడు.

"మమ్మల్ని వెనక్కి పంపకండి."

పెద్దాయన అన్నకు సరిహద్దు అవతల, బస్రా దగ్గర ఖర్జూర తోటలున్నాయి. తండ్రి నాటినవి. ఈ కబురు అవతలికి చేరితే వాటి మీద ఆశ వదులుకోవాలి. అది మా అందరికీ తెలుసు. ఆయన ఒక్క నిమిషం బయటి దుమ్ములోకి చూశాడు. ఆ తర్వాత తన ఫింజాన్‌లో గావా పోసుకున్నాడు. తాగలేదు. తీసుకెళ్ళి, తన కొడుకు వయసున్న ఆ ఆఫీసరు ముందు పెట్టాడు.

 ఆ పెద్దాయన ఎవరినీ ఏదీ అడగగా నేను చూడలేదు. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. ఖర్జూరం గింజను చేతిలో పట్టుకుని కూర్చున్న పాపను చూశాడు. గాలికి డేరా గుడ్డ కొట్టుకుంటోంది. సన్నటి దుమ్ము లోపలికొచ్చి నాలుగు ఫింజాన్లలోనూ వాలుతోంది.

"గావా తాగు బాబాయ్," అన్నాడు చివరికి. "నేను చూసింది నీ అతిథుల్ని. ఉత్తరం నుంచి ఎవరూ రాలేదు."

"కాగితాల సంగతి నేను చూసుకుంటాను," అన్నాడు పెద్దాయన. "ఖలాస్. ఇక మాటల్లేవు."

మాస్టారు గావా తాగాడు. తర్వాత మేమూ తాగాం. ఆపరేటర్ బయటకెళ్ళి తొట్టి వెనక కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను చూడనట్టు పంపు చమురు సరిచూశాను. నా కళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

ఆ కుటుంబం కొన్నాళ్ళు మిష్రిఫ్‌లో పెద్దాయన ఇంట్లోనే ఉంది. మాస్టారు మనవలకు ఇంగ్లీషు చెప్పాడు. తర్వాత ఏదో చలిదేశానికి వెళ్ళిపోయారు. ఆ సెప్టెంబరులోనే ఇరాకు ఇరాన్ మీద యుద్ధానికి దిగింది, ఉత్తరాన ఫిరంగులు మోగడం మొదలైంది. మా గది రేకులు అదిరేవి. మాస్టారు చెప్పకుండా మూసేసిన పాఠం అదే కదా అనుకునేవాణ్ణి. పెద్దాయన వాళ్ళ తోటలు పోయాయి. ఆ తర్వాత ఆరేళ్ళు ఆయన దగ్గరే చేశాను. ఒక్కసారంటే ఒక్కసారి ఆ తోటల మాట ఎత్తలేదు.

1986లో పాస్‌పోర్టు మీద ఖరూజ్, అంటే దేశం వదిలే ముద్ర, కొట్టించుకుని ఇంటికి బయల్దేరాను. చివరి గురువారం డేరాలో గావా పోశాడు. తాగి ఫింజాన్ ఆడించాను. చూసి కూడా మళ్ళీ పోశాడు. మళ్ళీ ఆడించాను. మళ్ళీ పోశాడు. ఇద్దరం నవ్వాం. నేను రాయచోటిలో తినే ప్రతి ముద్దలో ఆయన ఉప్పుంది. నా పిల్లలకు ఆ మాట చెప్పే పెంచాను.

వయసు మీద పడింది. ఆపరేటర్ ముఖం కూడా ఒక్కోసారి సరిగా గుర్తురాదు. ఒక్కటి మాత్రం ఎటూ పోదు. ఆఫీసరు ఆ మాట అన్నాక మాస్టారు ఫింజాన్ చేతిలోకి తీసుకున్నాడు. చల్లారిపోయిన గావా మీద దుమ్ము పొరలా తేలుతోంది. పెద్దాయన ఒంపేసి వేరేది పోయబోతే వద్దని తల ఊపాడు. దుమ్ముతో సహా అడుగంటా తాగాడు. ఇక చాలని ఆడిస్తాడనుకున్నాను. ఆడించలేదు. ఇంకొంచెం పోయమన్నట్టు ముందుకు చాచాడు.