అందరికీ లాభమేనన్న పాఠం

నేనెంత తెలివితక్కువవాణ్ణో ముందే ఒప్పుకుంటే మీకూ నాకూ శ్రమ తగ్గుతుంది. పనిపడితే తప్ప మలక్‌పేట దాటి అటువైపు వెళ్ళని మనిషిని, ఇప్పటికీ పాస్‌పోర్టు లేనివాణ్ణి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మిఠాయి దుకాణం పై అంతస్తులో నిలబడి ఇరవై ఏళ్ళకు పైగా ప్రపంచం ఎటు పోతోందో పిల్లలకు చెప్పాను. అనుమానమన్నది లేకుండా చెప్పాను. ప్రపంచం మాత్రం నా క్లాసుకు ఒక్కరోజూ వచ్చినట్టు లేదు, నేను చెప్పిన వైపు పోనేలేదు.

పోయిన నెల మా బావమరిది కొడుకు ఎల్‌.బి.నగర్‌లో మా ఇంటికొచ్చి, నేనెప్పుడో రాసిన పోటీపరీక్షల గైడు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. తండ్రి పెట్టిన కోచింగ్ సెంటర్‌ను ఇప్పుడు వాడే నడుపుతున్నాడు. "మామయ్యా, ఈ ప్రపంచీకరణ చాప్టర్ ఒక్కటి జర అప్‌డేట్ చేసి పెట్టండి. లోపలికి పోవద్దు, పైపైన చాలు" అన్నాడు. ఎదురుగా టీవీలో ఒక పెద్ద దేశం మన సరుకుల మీద సుంకం పెంచిందని, ఇంకోచోట యుద్ధం వల్ల ఓడలు చుట్టుతిరిగి పోతున్నాయని చెబుతున్నారు. పన్ను అనగానే ముందు నా పళ్ళే గుర్తొచ్చే వయసు నాది, అయినా ఆ వార్త వింటూ గైడు తిరగేస్తే, వ్యాపారం చేసుకునే దేశాలు ఇక కొట్టుకోవని, ఎల్లలన్నీ చెరిగిపోతాయని నేనే రాసిన వాక్యాలు కనబడ్డాయి. ఎల్లలు లేనిది నా ధైర్యానికే.

మీలో ఆ రోజులు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తొంభైలు ముగిసే కాలంలో దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో దిగిన ప్రతి ముగ్గురిలో ఒకరి చేతిలో కోచింగ్ సెంటర్ పాంప్లెట్ ఉండేది. నల్గొండ నుంచి, ఖమ్మం నుంచి, మా గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఒక్కో గదిలో ఐదుగురు కిరాయికుండి, పుస్తకాన్ని ముక్కలుచేసి పంచుకుని చదివేవాళ్ళు. మా సెంటర్‌లో ప్రతి ఆదివారం పరీక్ష, సాయంత్రానికి మెట్ల దగ్గర గోడ మీద జవాబుల కీ. కీలో తప్పుందనుకున్నవాళ్ళు సోమవారం మధ్యాహ్నంలోగా చీటీ రాసి ఒక బిస్కెట్ల డబ్బాలో వేయాలి. దాన్ని అభ్యంతరాల పెట్టె అనేవాళ్ళం. చీటీలు చదివి తీర్పు చెప్పేది ఎవరయ్యా అంటే, ఆ ప్రశ్న తయారుచేసినవాడే. ఈ ఏర్పాటులో ఏదో తేడా ఉందని నాకు ఒక్కనాడూ తోచలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఏడాది అల్మాస్‌గూడ నుంచి ఒకామె వచ్చేది. అల్మాస్‌గూడ అప్పటికింకా ఊరే. పెళ్ళయి, ఒక పాప ఉన్న మనిషి, మెడలో చిన్న సిలువ, ఎప్పుడూ రెండో వరుసలో గోడ పక్కన కూర్చునేది. భర్త పనిచేసిన బట్టల మిల్లు మూతబడింది. ప్రభుత్వ ఉద్యోగానికి వయసు పరిమితి దాటకముందు ఆమెకు మిగిలింది ఆ ఏటి పరీక్ష ఒక్కటే. నాలుగు ఆదివారాల మార్కులు కలిపి మొదటి పదిమందికి చివరి మూడునెలల బ్యాచ్ ఉచితం. అది దొరికితేనే ఆమెకు చదువు, లేకపోతే లేదు. మూడు వారాలయ్యేసరికి ఆమె పదో స్థానంలో ఉంది.

నాలుగో వారం పేపర్లో నేను ఇచ్చిన ప్రశ్న ఇది: విదేశీ సరుకు చౌకగా దిగుమతి అయితే దేశంలో అందరికీ లాభమే, ఒప్పా తప్పా? కీలో ఒప్పు. ఆమె తప్పని పెట్టింది. చీటీ డబ్బాలో వేసి ఊరుకోకుండా క్లాసయ్యాక నా బల్ల దగ్గరకొచ్చింది.

"సార్, అగ్గువకొస్తే కొనేటోళ్ళకు లాభమే, కాదంటలేను. మా ఆయన మిల్లు గందుకే బంద్ అయింది. ఇప్పుడు మేం కొనేటోళ్ళల్ల లేం, అమ్మేటోళ్ళల్ల లేం. మరి అందరికీ అని ఎట్ల రాస్తరు సార్?"

నేను చాక్‌పీసుతో బోర్డు మీద రెండు గీతలు గీసి, దీర్ఘకాలంలో అన్నీ సర్దుకుంటాయని వివరించాను. ఆమె ఆ గీతలవంక మర్యాదగా చూసి, "అప్పటిదాక ఏం తినాలె సార్?" అంది. ఎగతాళిగా కాదు, పరీక్షలో వస్తుందేమోనని అడిగినట్టే అడిగింది.

నిజం చెప్పాలంటే, ఇంటికి నడిచేలోపే ఆమెదే సరైన జవాబని నాకు అర్థమైంది. మర్నాడు మా బావమరిదితో అన్నాను కూడా. అతను చల్లగా నవ్వి, "బావా, నువ్వు గైడులో అచ్చేయించిన వాక్యమే కదా అది. ఒక్కటి తప్పని ఒప్పుకుంటే రేపు మిగతావీ అడుగుతారు. మనం చెప్పేది నిజమని ఎవరన్నారు, మనం చెప్పేది కీ" అన్నాడు. అట్ట మీద నా పేరున్న మొదటి పుస్తకం ఆ గైడు. చీటీ వెనక 'తిరస్కరించడమైనది' అని రాశాను. తిరస్కరించిందెవరో బయటపడకుండా రాయడానికి మన వ్రాతభాషలో ఎంత సదుపాయముందో అప్పుడే తెలిసింది. ఒక్క మార్కుతో ఆమె పదకొండో స్థానానికి దిగిపోయింది. బుధవారం నుంచి గోడ పక్కన ఇంకెవరో కూర్చున్నారు.

గైడు దిద్దడానికి ఒప్పుకున్న వారానికి, ఎల్‌.బి.నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సులు ఆగేచోట ఆమె కనబడింది. జుట్టు నెరిసింది, నేను గుర్తుపట్టలేదు, ఆమే పట్టింది. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఎగుమతి బట్టలు కుట్టే యూనిట్‌లో పద్దెనిమిదేళ్ళుగా పనిచేసి, సూపర్‌వైజరు దాకా వచ్చిందట. సుంకం పెంచుతారన్న మాట పుట్టిన నెలకే ఆర్డర్లు ఆగి, గేటుకు తాళం పడిందట. ఇప్పుడు ఇంకో యూనిట్‌లో పని అడగడానికి పోతోంది.

"మనం తలుపు తెరిచినప్పుడు మా ఆయన పని పాయె, వాళ్ళు మూసినప్పుడు నా పని పాయె సార్. గీ ప్రపంచానికి మా ఇంటి అడ్రస్ ఎవలిచ్చిండ్రో" అని నవ్వింది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచేలోపు బస్సొచ్చింది. ఎక్కుతూ, "ఆరోగ్యం పైలం సార్, బాగ సన్నగయిండ్రు" అంది.

అప్పట్లో తప్పుడు పాఠాలైనా నమ్మి చెప్పేవాళ్ళం. ఇప్పుడు చెప్పే పెద్దవాళ్ళకూ నమ్మకం లేదు, వినేవాళ్ళకూ లేదు. తలుపులు తెరవమని మనకు నేర్పినవాళ్ళే తలుపేసుకుంటున్నారు, దానికీ ఒక సిద్ధాంతం తయారవుతోంది, దాన్నీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరో ఒకరు అనుమానం లేకుండా చెబుతూనే ఉంటారు. మెట్రో వచ్చింది, మిఠాయి దుకాణం మూడంతస్తులైంది, గదికి ఐదుగురు మాత్రం అలాగే ఉన్నారు. ఇదంతా మారుతుందని మీతో అనడానికి నా దగ్గర మాటలు అయిపోయాయి. నేను దిద్దిన పుస్తకం ఆమె కంటబడదు, పడినా పోయిన వయసు తిరిగిరాదు.

అయినా చాప్టర్ దిద్దాను. ఆ పాత ప్రశ్నను తీసెయ్యలేదు. వెనక జవాబుల పట్టికలో దాని ఎదురుగా మాత్రం ఇలా రాశాను: 'తప్పు. ఈ జవాబు రాసిన అభ్యర్థికి ఈ గైడు రాసినవాడు సున్నా వేశాడు.' అచ్చుకు వెళ్ళేముందు చదవకపోవడం మా సెంటర్‌కు వాడి తండ్రి నాటినుంచీ ఉన్న ఆచారం కనుక, పుస్తకాలు జిల్లాలకు బస్సెక్కిన తర్వాతే ఫోనొచ్చింది.

"మామయ్యా, ఇదేంది? మార్కు ఎవరికి వేస్తరు, తప్పన్నోళ్ళకా ఒప్పన్నోళ్ళకా అని పిల్లలు అడుగుతున్నరు."

"నాకు తప్ప ఎవరికైనా వెయ్యి" అన్నాను.