ఏసుపాదం కూర్చోని కుర్చీ

కుర్చీ కనబడితే ఏసుపాదం కూర్చోకుండా ఉండలేడు. అలసిపోయి కాదు, ఆ కుర్చీ సంగతేమిటో తేల్చుకోవడానికి. కూర్చుంటాడు, కాస్త ఎడమకి ఒరుగుతాడు, కళ్ళు మూసుకుంటాడు, "ఊహూఁ" అని లేస్తాడు. లేచి పక్క కుర్చీలోకి మారతాడు. ఈ జబ్బు ఎప్పుడు మొదలైందో ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఎనభై మూడు నాటికి అమెరికాలో పిస్కాటవే చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఆయన కుర్చీల ఏసుపాదమే. మందుల కంపెనీలో ఆయనొక కెమిస్టని ఎవరికీ గుర్తులేదు.

ఆదివారం మధ్యాహ్నాలు అమెరికన్ల చర్చి బేస్‌మెంట్‌లో తెలుగు ఆరాధన జరిగేది. అక్కడున్నవి ఇనప మడత కుర్చీలు, అన్నీ ఒకే అచ్చు. అయినా ఏసుపాదం వరస చివరిదాకా ఒక్కోదాన్నీ పరీక్షించేవాడు. పాస్టర్ జయరాజుగారు కీర్తన ఎత్తుకోబోయి ఆగి, ఏసుపాదంగారు స్థిరపడ్డారా అని మైకులో అడిగేవారు. ఆ సంఘంలోని సామ్యూల్ కొత్త ఇల్లు కొని ప్రార్థన పెట్టిస్తే, ఇంటాయన ఇంకా మురిపెంగా చేత్తో నిమురుకుంటున్న రిక్లైనర్‌లో మొదట వాలింది ఈయనే. వాలి, అందరూ వింటుండగా "ఊహూఁ" అన్నాడు. ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్ళినా అంతే. పోయినాయన మొహం చూడకముందే మూడు వరసల కుర్చీలు చూసేశాడు.

పైగా చంకలో ఒక మడత పెట్టిన తువ్వాలు. ఎక్కడ కూర్చోబోయినా అది కుడి పిర్ర కిందికి చేరేది. మనిషి ఎడమకి వాలిపోయి, సగం కుంగిన బండిలా కనబడేవాడు. చూసినవాళ్ళు మొలలని నిర్ధారణ చేశారు. ఒక ఆదివారం పాస్టర్‌గారు, మన సహోదరుడు చెప్పుకోలేని చోట పడుతున్న బాధను తొలగించమని కన్నీళ్ళతో ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఏసుపాదమే.

ఇంతమంది నవ్వుతుంటే నవ్వనిది ఒక్క రూతు. ఏసుపాదం భార్య విమలకుమారికి ఆవిడ స్వయానా అక్క. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, డెబ్బై అయిదులో ఒంటరిగా అమెరికా వచ్చి, నైట్ డ్యూటీలు చేసి, చెల్లెల్నీ మరిదినీ పిటిషన్ పెట్టి రప్పించింది ఆవిడే. తర్వాత ఒక జనవరిలో పార్కింగ్ లాట్‌లో ఐసు మీద జారిపడింది. ఎడమ తుంటి విరిగి వంకరగా అతుక్కుంది. నిలబడితే ఫర్వాలేదు, నడిచినా ఫర్వాలేదు. కూర్చుంటే మాత్రం కాసేపటికే సూదులు దిగినట్టుండేది. పేషెంట్లని ఎత్తలేని నర్సు ఎవరికి కావాలి? ఉద్యోగం పోయింది. తాను రప్పించినవాళ్ళ ఇంట్లోనే పైగదిలో తాను తలదాచుకోవలసి వచ్చింది.

అది రూతుకి మింగుడుపడలేదు. చర్చి ఆడవాళ్ళు గుండ్రటి రబ్బరు కుషన్ ఒకటి ప్రార్థన చేసి మరీ తెచ్చిస్తే, వాళ్ళ కారు మలుపు తిరగ్గానే గార్బేజ్‌లో పడేసింది. తన తుంటి మాట ఇంకెవరైనా ఎత్తితే ఆ పూటే ఇల్లు ఖాళీ చేస్తానని చెల్లెలికీ మరిదికీ చెప్పేసింది. అప్పట్నుంచి ఎవరూ ఎత్తలేదు. ఆవిడ వంటింటి గట్టు దగ్గర నిలబడి అన్నం తినేది, చర్చిలో వెనకగోడకి ఆనుకుని నిలబడేది. కొత్తవాళ్ళు ఎంత భక్తో అనుకునేవారు.

అలాంటి మనిషి కళ్ళెదుట ఏసుపాదం ఇల్లిల్లూ తిరిగి కుర్చీలు రుచి చూస్తుంటే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. తనని వెక్కిరించడానికే ఈ నాటకమని నమ్మింది. మొలల సంగతి నర్సుగా అడగొచ్చు. కానీ తన తుంటి మాట ఎత్తొద్దన్న నోటితో మరిది పిర్రల ఊసెత్తడం బాగుండదని ఊరుకుంది.

ఆ అక్టోబరులో ఏసుపాదానికి ఆమిష్ పల్లెల మీద మనసు పోయింది. కరెంటు, కారు, ఫోను లేకుండా బతికే ఆ భక్తుల్ని చూడాలట, దారిలో పాతసామాన్ల దుకాణాలన్నీ చూడాలట. భోజనాల బల్ల నిండా మ్యాపు పరిచి, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. టర్న్‌పైక్ అనే పెద్ద హైవే ఎక్కితే రెండున్నర గంటల్లో ఆ పల్లెలుండే లాంకాస్టర్ చేరొచ్చు. ఏసుపాదం గీసిన గీత మాత్రం లాంబర్ట్‌విల్ దగ్గర నది దాటి, మొక్కజొన్న చేలలో పడి, తప్పిపోయిన మేకలా తిరిగింది. ఇరవై మైళ్ళు పోకుండానే ఒక ఆంటీక్ షాపు, మళ్ళీ ఇరవై మైళ్ళకి ఇంకోటి. ఎందుకండీ ఈ తిరుగుడని విమలకుమారి అడిగితే, గుర్రబ్బగ్గీలవాళ్ళ ఊరికి బగ్గీ స్పీడులోనే వెళ్ళాలన్నాడు.

రూతు రానంది. ఈయన్ని ఒక్కదాన్నే భరించలేనని చెల్లెలు బతిమాలితే ఒప్పుకుంది. అసలు కారణం వేరే. ఒక డాక్టరు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఎత్తి ఆవిడకిచ్చింది ఏసుపాదమే. పేషెంట్ల ఫోన్లు తీసుకుని సలహా చెప్పే నర్సు కావాలన్నారు. మోయడాలు లేవు, నైట్లు లేవు, రోజంతా డెస్కు దగ్గర కూర్చోవడమే. సోమవారం జవాబు చెప్పాలి. రాలేనని చెప్పడానికి రూతు నిశ్చయించుకుంది. అది చెప్పాక తాను ఇక నర్సు కాదు, చెల్లెలింటి పైగదిలో ఒక అక్క మాత్రమే. ఆ శనివారం ఇంట్లో కూర్చుని, కాదు, నిలబడి, అదే ఆలోచించడం కంటే ఎక్కడికో ఒకచోటికి పోవడం మేలనిపించింది.

మొదటి షాపులోనే మొదలైంది. పాలు పితికే పీట దగ్గర్నుంచి పియానో స్టూలు దాకా ఏసుపాదం దేన్నీ వదల్లేదు. రెండో షాపులో మంగలి కుర్చీ. మూడో షాపులో చాలా పాత కుర్చీ ఒకటుంది, కూర్చోవద్దని బోర్డు పెట్టి తాడు కట్టారు. ఈయన తాడు తప్పించి కూర్చున్నాడు. షాపావిడ పరుగున వచ్చి కొంటారా అని అడిగితే, తువ్వాలు సర్దుకుంటూ "ఊహూఁ" అన్నాడు. విమలకుమారి క్షమాపణలు చెప్పుకుంటూ వెనకాలే నడిచింది.

నాలుగో షాపులో రూతుకి ఓర్పు నశించింది.

"మరిదిగారూ, నేను చూస్తుండగానే కూర్చోవాలా మీరు?" అంది, గొంతు పెంచకుండా. "కూర్చోగలిగినవాళ్ళు కూర్చుంటారు, సరే. ఇంతలా చూపించుకోవాలా?"

ఏసుపాదం లేచాడు. మొహం చిన్నబోయింది. ఇంకొక్కచోటు ఉంది వదినా, అది చూసి వెళ్ళిపోదాం అన్నాడు.

ఆ ఒక్కచోటు షాపు కాదు. ఆమిష్ వడ్రంగి కొట్టం. గడ్డం పెద్దాయన ఏసుపాదాన్ని పాత చుట్టాన్ని చూసినట్టు చూసి, మూల నుంచి ఒక కుర్చీ తెచ్చి పెట్టాడు. చెక్క కుర్చీ, ఎడమవైపు కూర్చునే చోటు లోతుగా చెక్కి ఉంది. ఏసుపాదం దాని చుట్టూ తిరిగాడు, చేత్తో తడిమాడు. కూర్చోలేదు. అది చూసి విమలకుమారి నిర్ఘాంతపోయింది.

పెద్దాయన రూతుని చూపించి ఇంగ్లీషులో అడిగాడు, ఈవిడేనా అని. ఈయన ఎన్నో శనివారాలు వచ్చి, కుడివైపు తువ్వాలు పెట్టుకుని వంకరగా కూర్చుని, ఆవిడకి ఇక్కడ నొప్పి, ఇక్కడ నొప్పి అని చూపించేవాడట. ఏ షాపు కుర్చీ నచ్చకనే కొత్తది చేయమన్నాడట. ఇక ఆవిడ కూర్చుని చూస్తే గానీ మిగతా పని అవదన్నాడు.

రూతుకి ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది.

"శనివారాలు ఓవర్‌టైమన్నారు కదండీ," అంది విమలకుమారి నెమ్మదిగా.

"మరి మొలలు?" అంది రూతు.

"నాకు మొలలేంటి వదినా. మీలాగా వంగితే గానీ ఏ కుర్చీ ఎక్కడ గుచ్చుతుందో తెలీదు కదా. అడుగుదామంటే మీరు ఆ మాట ఎత్తొద్దన్నారు."

"పాస్టర్‌గారు అందరి ముందూ ప్రార్థన చేస్తుంటే ఆమెన్ అన్నారు."

"ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాక మధ్యలో ఎలా ఆపను?"

రూతు నవ్వలేదు. పొద్దున్నుంచీ కారులో తనకి ఒక్కసారి కూడా నొప్పి తిరగబెట్టలేదన్న సంగతి అప్పుడు తట్టింది. నొప్పి మొదలయ్యేలోపే ఏదో ఒక షాపు రావడం, తాను దిగి నిలబడడం జరిగింది. టర్న్‌పైక్ మీద అలా ఆపనిస్తారా? ఆ గీత గీస్తున్నప్పుడు తాను వంటింటి గట్టు దగ్గర నిలబడి ఈయన్ని మనసులో తిట్టుకుంటోంది.

కూర్చుంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఏం చూస్తున్నారు, వెళ్ళి పని చూసుకోండి అని కసిరింది. కుడిచేతి ఆనిక ఎత్తుగా ఉందని వడ్రంగికి చెప్పింది. ఆయన చెక్కాడు. ఇప్పుడు మరీ పల్లమైందంది. పెద్దాయన ఏసుపాదం వైపు జాలిగా చూశాడు. ఏసుపాదం కిటికీలోంచి ఎవరివో ఆవుల్ని చూస్తూ, తనకేమీ పట్టనట్టు నిలబడ్డాడు.

సూదులు దిగే వేళ వచ్చింది, దాటింది. రూతు కదల్లేదు. బయట ఒక బగ్గీ వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది. విమలకుమారికి ఏడుపొచ్చేలా ఉంటే, అక్క తిడుతుందని ఆపుకుంది.

చాలాసేపటికి రూతు తల తిప్పకుండానే అంది.

"మరిదిగారూ. ఆ డాక్టరు ఆఫీసు మేడ మీద ఉంది. లిఫ్ట్ లేదు. మెట్లు ఇరుకు. ఈ కుర్చీ మీరే మొయ్యాలి."