పసుపు పిండిలోంచి ఎర్ర తురాయి

కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. ఏడాదైంది, చల్లారలేదు. అందుకని మంటతోనే రాస్తున్నాను.

మాణిక్యాంబగారిది నరసాపురం. భర్త సైన్యంలో ఉన్నప్పుడు ఢిల్లీ కంటోన్మెంటులో పక్క క్వార్టర్ల ఆడవాళ్ల దగ్గర కేకులు నేర్చుకున్నారు. ఆయన రిటైరయ్యాక ఢిల్లీ పక్కనే ఉన్న ఇందిరాపురంలో మా ఎదురు ఫ్లాట్‌లోకి వచ్చారు. చేప, ఏనుగు, కోడిపుంజు... కేకు అచ్చులన్నీ నెయ్యి డబ్బాల రేకుతో దగ్గరుండి చేయించుకున్నవే. కేకు మీద క్రీము మాత్రం పూయరు. "గోడకి సున్నం కొట్టినట్టు ఆ పూతలెందుకమ్మా? రంగు పిండిలోనే ఉండాలి" అంటారు.

గోరింటాకు కోనులో రంగు పిండి నింపి, ఖాళీ అచ్చు అడుగున ముక్కు, రెక్క, తోక గీస్తారు. ముగ్గులు పెట్టిన చెయ్యి, వణకదు. ఆ గీతలు ఓవెన్‌లో కాస్త గట్టిపడ్డాక మీద మామూలు పిండి పోస్తారు. బేకయ్యాక బోర్లిస్తే బొమ్మ రంగులతో సహా పైకొస్తుంది. ఆకుపచ్చకి పాలకూర, పసుప్పచ్చకి పసుపు. ఎరుపు దేనితో వస్తుందో నేనెప్పుడూ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మా కింది అంతస్తు కల్పనది హైదరాబాద్, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె కొడుకు సుహాస్‌కి బేకరీ రంగులు పడవు, ఒళ్లంతా దద్దుర్లొస్తాయి. నాలుగు పుట్టినరోజులు కేకు లేకుండానే గడిచాయి. ఐదో దానికి మాణిక్యాంబగారి పేరు చెప్పింది నేనే. ఆవిడ రెండుసార్లు చేసి, నచ్చక, మూడోసారి చేసిన కోడిపుంజుని నా చేతికిచ్చి పంపారు.

మూత తియ్యగానే కోడిపుంజు తలమీది ఎర్ర తురాయి చూసి సుహాస్ గంతులేశాడు. "మమ్మీ, లాల్ కల్గీ!"

కల్పన మొహం మాడిపోయింది. "ఈ రెడ్ ఎట్లొచ్చింది అక్కా?"

"పసుపు, పాలకూర తప్ప ఇంకేం వెయ్యరావిడ" అన్నాను.

"హల్దీతోని రెడ్ వస్తదా? ఎవరికి చెప్తున్నరు? ఇది పక్కా కెమికల్."

నిప్పు లేనిదే పొగ రాదని పార్టీకొచ్చినవాళ్లు కొందరు గొణిగారు. ఆ ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చింది. అందుకు నన్ను నేను ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాను. కల్పన కేకుని పిల్లాడి ముందునుంచి లాగేసి, అందరూ వింటుండగా ఫోన్ చేసింది. "ఆంటీ, ఈ రెడ్ కెమికల్ పెట్టి నా కొడుకుని ఏం చేద్దామనుకున్నరు?"

రెండు నిమిషాల్లో మాణిక్యాంబగారు వచ్చారు. ఇంట్లో కట్టుకునే చీర, ఒక చేతిలో నిమ్మచెక్క, రెండో చేతిలో చిన్న గిన్నె. ఎవరినీ పలకరించలేదు. నేరుగా కేకు దగ్గరికెళ్లి, తురాయి మీద నిమ్మకాయ పిండారు. ఎరుపు మెల్లగా విరిగి, చూస్తుండగానే పసుప్పచ్చగా తిరిగింది.

"పెళ్లికూతురి కాళ్లకి పారాణి దేంతో కలుపుతారమ్మా? పసుపూ సున్నమూ కాదూ? నేను సున్నానికి బదులు చిటికెడు వంటసోడా వేశాను. నిమ్మరసం పడితే మళ్లీ పసుపే. మీ కెమికల్ రంగు ఇలా మారుద్దా?" అన్నారు. "దద్దుర్లున్న పిల్లాడని మూడుసార్లు చేశాను. అడిగితే చెప్పేదాన్ని కదా! ఇంతమందిలో నన్ను దొంగని చేశావు."

నిప్పు గురించి గొణిగినవాళ్లందరికీ ఉన్నట్టుండి సమోసాల మీద ధ్యాస పుట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. కల్పన నేల చూస్తూ, "సారీ ఆంటీ, టెన్షన్‌లో అట్ల అనేసిన" అంది.

అంత సులువు, వాళ్లకి.

సుహాస్ మాత్రం ఎరుపు పోయిందని ఏడుపు మొహంతో మాణిక్యాంబగారి కొంగు పట్టుకున్నాడు. "లాల్ కహాఁ గయా, నానీ? ఫిర్ సే లాల్ కరో నా!"

ఆవిడ వాడి తల నిమిరారు. చేతిలో ఉన్న గిన్నెలో సోడా కలిపిన నీళ్లున్నాయి. రెండు చుక్కలు చాలు, తురాయి మళ్లీ ఎర్రబడుతుంది. ఆవిడ ఆ గిన్నె తీసుకెళ్లి కల్పన చేతిలో పెట్టారు.

"నువ్వే వెయ్యి. నేను వేస్తే మళ్లీ ఏం కలిపానో అంటావు."