ఎవరూ కొనని నవ్వు

నల్లటి పెట్టె కెమెరాను సంచీలో పెట్టి సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని, మిరప కల్లాల కాలమంతా మాబు పెదకాకాని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాడు. ఈ వారం ఫొటోలు తీసి, పై వారం ప్రింట్లు తెచ్చి అమ్మేవాడు. మెడ పక్కకు వంచి, ఒక కన్ను మూసి చూసే అలవాటు కెమెరా చేతిలో లేనప్పుడూ పోయేది కాదు. ఫొటోలో నవ్వకూడదని అక్కడందరికీ పట్టింపు. నవ్విన ప్రింటు ఎవరూ కొనరు. మాబు మాత్రం నవ్వు కనిపిస్తే మీట నొక్కకుండా ఉండలేడు. అమ్ముడుపోని ప్రింట్లన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు.

"ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ నా కొంపలోనే కాపురం పెట్టాయి," అని దెప్పేది భార్య ఖైరున్నీసా.

ఒకరోజు కల్లంలో కాయలు ఏరే రెబ్కా మాబు ఇంటికే వచ్చింది. "మాబన్నా, మా అమ్మ పోయింది. పోయినేడు నువ్వు తీసిన ఫొటో, పళ్ళు కనపడుతున్నాయని నేను వద్దని తిరిగిచ్చేశానే, అది ఉందా? అమ్మ మొహం ఇంకెక్కడా లేదన్నా."

మాబు డబ్బా నేలమీద గుమ్మరించి వెతికాడు. ఎక్కడో అడుగున దొరికింది. మిరప ఘాటుకు తుమ్మి, తుమ్మినందుకు తనే సిగ్గుపడి, నోరారా నవ్వుతున్న ముసలామె. రెబ్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. కళ్ళు నిండాయి. అంతలో అచ్చం అదే నవ్వు ఆమె మొహంలోకీ వచ్చింది.

"ఇట్టాగే ఉండేది మా అమ్మ. రేపు కల్లానికి రా అన్నా. మా అందర్నీ తియ్యి. నవ్వేదాకా ఆగి తియ్యి."

ఖైరున్నీసా నేలమీది ప్రింట్లను ఒక్కొక్కటే కొంగుతో తుడిచి, జాగ్రత్తగా డబ్బాలో పేర్చసాగింది.