పాత సాలలో మేమిద్దరం

రెండువేల ఇరవై అయిదు ఫిబ్రవరి పదిహేనో తేదీ, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు చెరకుతోట వైపు నుంచి ఒక కేక వినిపించింది.

"గొడ్లు ఇప్పీసినారేటి?"

కాస్త దూరం నుంచి ఇంకో గొంతు, "ఇప్పీసినాం మావా! అన్నీ ఇప్పీసినాం" అంది.

గడియారం చూడడానికి కారణముంది. మూడింటికి అప్పకు, అంటే మా అక్కకు, వెయ్యాల్సిన మాత్ర వెయ్యలేదు. మాత్రలు అయిపోయాయి. వాటి కోసమే అప్ప కూతురు కారు తీసుకుని అనకాపల్లి వెళ్లింది. అప్ప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆ కేక విని నవ్వింది.

"మనల్ని మాత్రం కట్టీసే ఉంచేరే చెల్లీ" అంది.

నేనూ నవ్వాను.

మేమున్నది నిజంగానే గొడ్లసాల. మునగపాక అవతల, చెరకు పొలాల మధ్య కళ్లంలో ఉంది. ఆ పొలాల రైతు దంపతులు ఏడాది కిందట గొడ్లకి వేరే రేకుల షెడ్డు వేసి, పట్నం వాళ్లు రెండు రోజులు వచ్చి ఉండేందుకు ఈ పాత సాలను గదిగా మార్చారు. తెరిచి ఉన్న ముందువైపు ఇటుక గోడ కట్టి తలుపు పెట్టారు. గడ్డి వేసే గాడిని తియ్యకుండా, దానిమీద పలక వేసి, పరుపు పరిచి కూర్చునే అరుగు చేశారు. రేకులైతే అందంగా ఉండదని పైన తాటాకు నేయించారు. వెనక గోడకి నిలువెత్తు అద్దం బిగించారు. స్నానాల గది లోపలే. తలుపు మాత్రం ఒక్కటే. కిటికీలకి ఇనుప ఊచలు. వచ్చిన పూటే ఆ సంగతి చూసి అప్ప కూతురితో అన్నాను.

"పిన్నీ, ఒక గదికి ఎన్ని తలుపులుండాలి నీకు?" అంది.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. చుట్టూ చెరకాకు గాలికి రాసుకుంటుంటే ఎవరో గోడకి చెయ్యి రాస్తూ తిరుగుతున్నట్టు ఉండేది.

అప్ప కోసమే వచ్చాం. మోకాలి ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. ఎముక అతికింది, కుట్లు మానాయి, ధైర్యమే రాలేదు. వాకర్ లేకుండా అడుగు వెయ్యదు. పిల్లలూ నేనూ బతిమాలాం, కోప్పడ్డాం. నాలుగు నెలలుగా పొద్దునా సాయంత్రమూ ఆమె పక్కన నడవడం తప్ప నాకు వేరే పని లేదు. చోటు మారితే మనసు మారుతుందన్నాడు డాక్టరు. ఆయన అన్నట్టే జరిగింది. ఆ శనివారం పొద్దున, వాకర్ తలుపు దగ్గర వదిలేసి, అప్ప తనంతట తాను నీళ్లతొట్టి దాకా నడిచింది. రైతు భార్య పేడచేతులతోనే చూస్తూ నిలబడిపోయింది.

"ఓలమ్మా! మా పెయ్య కూడా పుట్టిన్నాడు ఇలాగే నిలబడ్డాది. ఇంక పరిగెట్టడవే మిగిలింది" అంది.

"పరిగెడితే పాలడుగుతావేటి నన్ను?" అంది అప్ప. ఆ నాలుగు నెలల్లో ఆమె వేళాకోళమాడడం అదే మొదటిసారి.

కేక విన్న కాసేపటికి వాసన వచ్చింది. తియ్యగా, కొంచెం మాడినట్టు. నేను పుట్టి పెరిగింది అనకాపల్లిలో. మా నాన్న బెల్లం మార్కెట్లో కాటా దగ్గర గుమస్తా. ఆ వాసనకి నా ముక్కు అలవాటుపడి ఉంది. ఎవరో పక్క పొలంలో బెల్లం వండుతున్నారనుకున్నాను. తరవాత పటపటమని చప్పుడు మొదలైంది. తలుపు కింది సందులోంచి నల్లటి నలుసులు లోపలికి కొట్టుకొచ్చాయి. ఒకటి నా పాదం మీద పడింది. వేడిగా ఉంది.

తలుపు తీశాను. కళ్లం అవతల నరికిన తోటలో ఎండాకు తగలబెట్టారు. ఆకు కాల్చి వెంటనే నీళ్లు పెడితే మోళ్ల నుంచి కొత్త పిలకలు లేస్తాయి. మోటారుకి కరెంటు ఇచ్చే వేళ అదే కాబట్టి అప్పుడు అంటించారట. కానీ మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేచింది. మంట మా వైపు వంగింది. నేను చూస్తుండగానే గడ్డిమేటు అంటుకుంది. దానికీ మా చూరుకీ మధ్య ఒక ఎడ్లబండి పట్టే జాగా ఉంది, అంతే. "ఎవరండీ! ఎవరున్నారు!" అని అరిచాను. మోటారు చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు.

లోపలికి వచ్చి అప్పను లేపాను. ఆమె లేచి కూర్చుంది, నేల మీద కాళ్లు పెట్టింది, వాకర్ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే తలుపు పైనున్న చూరు అంటుకుంది. ద్వారానికి అడ్డంగా నిప్పుతెర దిగినట్టు తాటాకు రాలింది. తలుపు మూసేశాను. మూసి, మూసినందుకు భయపడ్డాను. మళ్లీ తీద్దామంటే గడియ అప్పటికే కాలుతోంది.

అప్ప వాకర్ వదిలేసి గాడి అంచు పట్టుకుంది. గొడ్ల మెడలు రాసుకుని రాసుకుని నునుపెక్కిన కొయ్య అది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని కింద కూలబడింది.

"అప్పా, లే. స్నానాల గదిలోకి పోదాం. నీళ్లున్నాయి."

"కాళ్లు లేవే."

"పొద్దున నడిచావు కదే!"

"నన్నొగ్గీసి పోకే చెల్లీ. నన్నొగ్గీసి పోకే."

ఎక్కడికి పోతాను? నాకు డెబ్బై మూడేళ్లు. ఆమె నాకంటే రెట్టింపు బరువు. చంకల కింద చేతులు వేసి లాగాను, కదల్లేదు. ఒక్కొక్క వేలే విడదీశాను. ఒకటి తీస్తే ఇంకొకటి పట్టుకుంటోంది. పొగ కిందికి దిగుతోంది. బయట ఏదో గొడ్డు గోడకి ఆనుకున్నట్టు దగ్గరగా అంబా అని అరుస్తోంది. ఆ అరుపు నాకు అప్ప గొంతులాగే అనిపించింది. నా జీవితంలో అంత భయం ఎరగను. మా ఆయన పోయిన రోజు కూడా అది దుఃఖమే కానీ భయం కాదు.

అద్దం అదిరింది. కప్పు కూలుతోందనుకుని అప్ప మీద పడి ఆమె తల కప్పాను. మళ్లీ అదిరి, ముక్కలై రాలింది. అద్దం వెనక చెక్కపలక, పలకలోంచి గునపం మొన. పలక విరిగాక మోకాలెత్తున ఒక కంత, అందులో రైతు భార్య మొహం.

"ఇటమ్మా, ఇటు! బేగి! పేడ తోసే కంత ఇది. దుప్పటి మీద పడుకోబెట్టి ఇటు తొయ్యండి!"

వాకర్ పట్టదు. దుప్పటి పరిచి అప్పను దొర్లించాను. ఆ చేతులు ఎలా విడిపించానో తెలియదు. తల వైపు నుంచి ఆవిడ లాగింది, కాళ్ల వైపు నుంచి నేను తోశాను. ఆపరేషన్ చేసిన మోకాలు కంత అంచుకి కొట్టుకుంది. అప్ప పెట్టిన కేక ఇప్పటికీ వినపడుతుంది. ఆమె వెనకే నేనూ పాక్కుంటూ బయటపడ్డాను. నా కళ్లజోడు ఎక్కడో ఊడిపోయింది.

కొత్త షెడ్డు నీడలో పడుకోబెట్టారు. విప్పేసిన గొడ్లన్నీ పొలం మధ్య గుంపుగా నిలబడి మావైపు చూస్తున్నాయి. రైతు పరిగెత్తుకొచ్చి, మమ్మల్ని చూసి, కాలవ గట్టు మీద చతికిలబడ్డాడు.

"గొడ్లు ఇప్పీసినారేటని అడిగేనే. ఇప్పీసినామన్నారే" అన్నాడు.

"ఏ సాల్లో ఇప్పినారో అడిగినావా?" అంది భార్య. "ఇన్నేళ్లూ ఈ పాత సాల్లోంచే కదా ఇప్పినావు. గొడ్లు ఇటొచ్చీసరికి నీ బుర్ర కూడా ఇటే వచ్చీసినాదేటి?"

ఆకు కాల్చే ముందు సాలలో గొడ్లను విప్పడం వాళ్ల తాతల నాటి పద్ధతి. గాలి తిరిగితే కట్టు మీదున్న గొడ్డు తప్పించుకోలేదు. విప్పామన్న జవాబు వినకుండా ఎవరూ నిప్పు పెట్టరు. ఆ రోజూ పద్ధతి తప్పలేదు. గొడ్లున్నచోట విప్పారు. పాత సాలలో గొడ్లు లేవు కాబట్టి అక్కడ విప్పాల్సింది ఏమీ లేదనుకున్నారు.

మరి ఆవిడకి ఎలా తోచిందని అడిగాను.

"నాకూ తోచనేదమ్మా, అబద్ధం ఎందుకు? ముసలావు ఉంది సూడండి, అది మంట సూసి బెదిరి పాత సాల కాడికే లగెత్తీసింది. దానికి అదే ఇల్లు. సచ్చిపోద్దని ఎనకాలే ఎల్లేను. అక్కడ నిలబడి గోడకేసి అరత్తంటే అప్పుడొచ్చేరు మీరు గేపకానికి."

చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అప్ప మాత్రం ఏడవలేదు. నా కొంగు చివర పిడికిలితో పట్టుకుని ఉంది.

అనకాపల్లిలో ఎక్స్‌రే తీశారు. మోకాలు బాగానే ఉందన్నారు. చర్మం చెక్కుకుపోయింది, పది రోజుల్లో మానింది. అప్ప కింద కాలు పెట్టలేదు. మంచం నుంచి కుర్చీకి ఇద్దరం ఎత్తాలి. గది తలుపు వేస్తే నిద్రలో లేచి మంచం కోడు పట్టుకుంటుంది. అందుకని మా ఇంట్లో తలుపులు వెయ్యడం మానేశాం. పొద్దునా సాయంత్రమూ నేను ఇప్పటికీ ఆమె పక్కన నిలబడి చెయ్యి చాపుతున్నాను. ఆమె ఆ చేతిని పట్టుకుంటుంది, లేవదు. వీధిలో ఎవరైనా చెత్త కాల్చినప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

ఆ రోజు పోయినవి: తాటాకు కప్పు, తలుపు, గడ్డిమేటు ఒకటి, అద్దం. అప్ప వాకర్. నా కళ్లజోడు. ఇద్దరివీ కలిపి చీరలు ఆరు. ముసలావు ఎడమ చెవి కొస. అప్ప నడక.