ఆయాసమని లేపి కూర్చోబెట్టారు

నా గుండెలో చిల్లుంది. పడుకుంటే ఊపిరి బాగానే ఆడుతుంది, లేచి కూర్చుంటేనే ఆయాసం. ఆపరేషన్ అయ్యేదాకా ఈ స్టీల్ ప్లాంట్ సెక్టార్ క్వార్టర్‌లో మంచం దిగే దారి లేదు. ఈ రోజు సుపేలా నుంచి మా పెద్దమ్మ చూడటానికి వచ్చింది.

"ఆయాసమున్నోలు పడుకోకూడదే, లెగు!" అంటూ నన్ను కూర్చోబెట్టి వీపు వెనక దిళ్ళు పేర్చేసింది. పడుకోబెట్టమని చెబుదామంటే మాటకు ఊపిరి చాల్లేదు. నేను రొప్పేకొద్దీ ఆవిడ నన్ను ఇంకా నిటారుగా లేపింది.

అమ్మమ్మను హిందీలో నానీ అని పిలిచే మా అమ్మాయి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అరే నానీ, లేపకు! పడుకుంటేనే మమ్మీకి ఊపిరొస్తాది!" అని దిళ్ళు లాగేసింది.

కాస్త తేరుకున్నాక అంతా వివరంగా చెప్పాను. పెద్దమ్మ శ్రద్ధగా విని, "అయితే నువ్వెక్కడికీ ఎల్లవన్నమాట. రేపు మా భజనోలందర్నీ తీసుకొస్తాను," అంది.

పారిపోవాలంటే ముందు లేవాలి కదా. నన్నేం చేయమంటారు?