వీణ కోసం వెతికిన గది

మొన్న ఆదివారం మా అమ్మాయి సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని హైదరాబాదులో హోటల్ వెతుకుతోంది. దాని స్నేహితురాలి పెళ్లికి ఇద్దరం వెళ్లాలి. ఫోన్ నిండా గదుల ఫోటోలే. ప్రతి గదిలోనూ అదే తెల్ల దుప్పటి, అవే తలగడలు, మంచానికి కాళ్ల వైపు ఎందుకు పరుస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాని ఒక రంగుగుడ్డ. కింద ఎవరెవరో ఇచ్చిన తీర్పులు. ఇడ్లీ గట్టిగా ఉందని ఒకరు, లిఫ్టు నిదానమని ఒకరు, రిసెప్షన్లో అబ్బాయి నవ్వలేదని ఇంకొకరు. నీకు గదిలో ఏం కావాలో చెప్పమ్మా అని అడిగింది. ఆలోచించకుండానే, పడమటి గోడ ఉండకూడదు అన్నాను. అది ఫోన్లోంచి తలెత్తి నన్ను వింతగా చూసింది. అలాంటిది ఇందులో అడగడానికి లేదు, ఏసీ కావాలా వద్దా అన్నదొక్కటే ఉంది అంది. ఆ పడమటి గోడ నా మాట కాదు. మా మేనత్త మాట. నా నోట్లో ఇన్నాళ్లూ ఉండిపోయినట్టుంది.

మా మేనత్తని బొబ్బిలిలో ఇచ్చారు. అత్తవారిది బెల్లం, చింతపండు, అపరాల వ్యాపారం. మావయ్య కొట్లో గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్లతో ఊళ్లో సంగతులు మాట్లాడేవాడు. వ్యాపారం మాత్రం వెనకాల గోదాములో అత్తయ్య చేసేది. బెల్లం సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎండ తగిలితే కారిపోతుంది, చెమ్మ తగిలితే పాడవుతుంది, గాలి ఆడకపోతే వాసనొస్తుంది. చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలి. అలా చూసీ చూసీ, ఎవరింటికి వెళ్లినా ముందు గోడకి అరచెయ్యి ఆనించి చూడడం ఆవిడకి అలవాటైపోయింది. మా చిన్నాన్న కోసం రాజాం దగ్గర ఒక సంబంధం చూడ్డానికి వెళ్లొచ్చినప్పుడు పిల్ల ఎలా ఉందని అందరూ చుట్టుముడితే, ఆ ఇంట్లో ఉత్తరపు గది భలే చల్లగా ఉందనీ, పిల్ల కూడా పరవాలేదనీ చెప్పింది. ఆ పిల్లే మా పిన్ని. ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

అలాంటి ఇంట్లో మా వదిన వీణ నేర్చుకుంది. వదిన అంటే అత్తయ్య కూతురు, నాకంటే మూడేళ్లు పెద్దది. బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ల మధ్య పెరిగిన పిల్లకి వీణ మీద మనసు పోవడం వింత కాదు గానీ, బెల్లం కొట్టు వాళ్లింట్లో అది కాస్త వింతే. పై చదువుకి విజయనగరం సంగీత కళాశాలలో చేరి అక్కడే ఉన్న మా ఇంట్లో ఉండేది. పొద్దున్నే దాని సాధన వింటూ మేము పళ్లు తోముకునేవాళ్లం. అత్తయ్యకి సంగీతం బొత్తిగా తెలీదు. ఒక రాగానికీ ఇంకో రాగానికీ తేడా చెప్పలేదు. కూర తిని ఉప్పు సరిపోయిందో లేదో చెప్పినట్టు, ఈవేళ బాగా కుదిరిందనో, ఈవేళ కుదర్లేదనో చెప్పేది. చిత్రమేమిటంటే అది చాలాసార్లు నిజమయ్యేది.

వీణలో ఆవిడకి క్షుణ్ణంగా తెలిసింది ఒక్కటే, మైనం. పనస దుంగని తొలిచి వీణ చేశాక, తేనెమైనంలో మసి కలిపి వీణ మెడ, అంటే దండి, పొడుగునా రెండు వరసలు గట్టు పోసి, దాని మీద ఇత్తడి మెట్లు నాటుతారు. స్వరాలన్నీ ఆ మెట్ల మీదే ఉంటాయి. ఎండ తగిలి మైనం మెత్తబడిందా, మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. మళ్లీ సరిచేయాలంటే చేసినవాడి దగ్గరికే తీసుకెళ్లాలి. వీణ ఇంటికి తెచ్చిన రోజున వడ్రంగి ఇదంతా చెబుతుంటే అత్తయ్య శ్రద్ధగా విని, అయితే ఇది కూడా బెల్లం లాంటిదే అందట. ఆనాటి నుంచి ఆ వీణ ఎక్కడ పడుకోవాలో, ఏ కిటికీ ఎప్పుడు మూయాలో ఆవిడే చూసుకుంది.

వదినకి హైదరాబాదులో ఒక సంగీత కళాశాలలో వీణ ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. ఉన్నది ఒక్కటే ఖాళీ. అంతకుముందు ఎన్నిసార్లు దరఖాస్తు పెట్టినా పిలుపు రాలేదు. ఈసారి వచ్చింది గానీ, ఆ ఏటితో వదినకి ఉద్యోగపు వయసు దాటిపోతుంది. మళ్లీ ఇంకొకటి ఉండదు. పోతే జీవితాంతం ఇళ్లకి తిరిగి పిల్లలకి సరళీ స్వరాలు చెప్పుకోవాలి. అది వదినకి తెలుసు, మాకూ తెలుసు, అందుకే ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పైగా నడి వేసవి. ఎవరి వీణ వాళ్లే తెచ్చుకోవాలని రాశారు. నేను ఆ ఊళ్లో ఒక ఏడాది చదివాను గనక దారి తెలుస్తుందని నన్ను కూడా బయల్దేరదీశారు. రైల్లో వీణకి విడిగా బెర్తు తీసుకుంది అత్తయ్య. పొందూరు దుప్పటి చుట్టి, దాని మీద బొంత కప్పి కింది బెర్తు మీద పడుకోబెట్టింది. టికెట్లు చూసే ఆయన వచ్చి, పేషెంటా అమ్మా అని గొంతు తగ్గించి అడిగాడు. అత్తయ్య కూడా గొంతు తగ్గించే, కాదు బాబూ, వీణ అని చెప్పింది. ఆయన వెళ్లేటప్పుడు కూడా చప్పుడు చేయకుండా వెళ్లాడు.

పొద్దున్న కోఠీలో ఆటో దిగాం. కళాశాల అక్కడికి దగ్గర. ఆ వీధులు చూసినవాళ్లకి తెలుస్తుంది, పుస్తకాల కొట్లు, గాజుల బళ్లు, బస్సుల హారన్లు, జనం మీద జనం, తల ఎత్తితే ప్రతి మేడ మీదా ఒక లాడ్జి బోర్డు. నేను ఒకటి చూపించి వెళ్దామన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. పొద్దున్నపూట ఏ గదైనా చల్లగానే ఉంటుందట. గది బుద్ధి మధ్యాహ్నం గానీ బయటపడదట. ఇక చేసేదేముంది, ఒక టిఫిన్ హోటల్లో నీడన కూర్చున్నాం. మేము ముగ్గురం ఒక బెంచీ, వీణ ఒక బెంచీ. లేవమంటారేమోనని అత్తయ్య కాసేపటికోసారి ఏదో ఒకటి తెప్పించేది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మాకు మళ్లీ భోజనం అక్కర్లేనంత తిన్నాం.

అప్పుడు మొదలైంది వెతుకులాట. మొదటి హోటల్ అద్దాల తలుపులతో మెరిసిపోతోంది. నాకు చూడగానే నచ్చేసింది. కౌంటర్లో కుర్రాడు అన్నీ ఏసీ గదులేనని గొప్పగా చెప్పాడు. అత్తయ్య అతన్ని జాలిగా చూసి, "రాత్రంతా మంచులో ఉంచి పొద్దున్నే ఎండలోకి లాక్కెల్తే బెల్లమే తట్టుకోనేదు. ఇదేటి తట్టుకుంటాది?" అంది. బెల్లం ఎక్కడ్నుంచి వచ్చిందో అతనికి అర్థం కాలేదు. రెండోచోట గది విశాలంగా ఉంది గానీ పడమటి గోడ పెనంలా కాలుతోంది. ఇంకోచోట గోడలు చల్లగానే ఉన్నాయి. అత్తయ్య గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. బస్సు హారన్లో ఆ చప్పట్లు ఆవిడకే వినపడలేదు. ఇక్కడ శ్రుతి ఏం చేసుకుంటావని వదినకేసి చూసింది. మంచాలు, బాత్రూములు, పరుపులు, ఒక్కదాని మీద కూడా ఆవిడ చూపు పడలేదు. మళ్లీ మాట్లాడుకున్న ఆటోలో వదిన వీణని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, మేమిద్దరం మెట్లెక్కడం, దిగడం. ఆటో అతను మొదట విసుక్కున్నాడు, తర్వాత తనకి తెలిసిన లాడ్జీలు తనే చెప్పడం మొదలుపెట్టాడు.

చివరికి ఒక సందులో పాత లాడ్జి దొరికింది. సున్నం గోడలు, మూరెడు మందం. గదులన్నీ నిండిపోయాయని మేనేజరు చెప్పాడు. వెనకవైపు కింద ఒకటి ఉంది గానీ అది ఎవరూ తీసుకోరట. టీవీ లేదు, వీధి కనపడదు, పగలు కూడా లైటు వేసుకోవాలి. అత్తయ్య లోపలికి వెళ్లి గోడకి అరచెయ్యి ఆనించింది, చెంప కూడా ఆనించింది. చప్పట్లు కొట్టింది. బయటికొచ్చినప్పుడు ఆవిడ మొహం చూడాలి, కొత్త గోదాము దొరికినప్పుడు కూడా అంత వెలగలేదు. మేనేజరు ముందు అనుమానపడ్డాడు, పాటకచేరీలు పెడితే పక్కవాళ్లు గొడవ చేస్తారన్నాడు. సాయంత్రం వదిన శ్రుతి చేసుకుని మెల్లగా మొదలుపెట్టాక ఆయనే కుర్చీ తెచ్చుకుని వరండాలో కూర్చున్నాడు. ఒక్క మెట్టు కూడా కదల్లేదు. ఆ ప్రయాణమంతా అయ్యాక కూడా వీణ బొబ్బిలి ఇంట్లో పలికినట్టే పలికింది. ఇంత ఊళ్లో, ఒక్క పూటలో, చదువు సంధ్య లేకుండా అరచేత్తో గది వెతికి పట్టిన మనిషిని చూస్తే నాకు గర్వంగా అనిపించింది. ఆవిడ మాత్రం మంచం చాలకపోతే కింద చాప వేసుకుని పడుకుంది.

మర్నాడు కళాశాల వరండాలో వరసగా బెంచీలు, వరసగా వీణలు. వదినకంటే ముందు పేరు ఒక కడప వైపు అమ్మాయిది. పక్కనే వాళ్ల నాన్నగారు చేతిసంచీతో నిలబడ్డారు. ఆ అమ్మాయి వీణ మీది గుడ్డ గవిసెన విప్పి తీగ మీటి ఆగిపోయింది. ఇంకోసారి మీటింది. రాత్రి దిగిన హోటల్లో వీణని కిటికీ పక్కన పెట్టారట. ఉదయం ఎండ నేరుగా దాని మీదే పడిందట. మైనం మెత్తబడి కింది మెట్లు ఒరిగిపోయాయి. ఆ అమ్మాయి వేలితో వాటిని నెట్టుకుంటూ, వాళ్ల నాన్నకి చెప్పలేక, చప్పుడు రాకుండా ఏడుస్తోంది. ఆమెకీ వయసు అయిపోతోందని అంతకుముందే వదినతో చెప్పింది. లోపలినుంచి పేరు పిలిచారు. వరండాలో అందరూ తలలు దించుకున్నారు. వదిన కూడా దించుకుంది. తన వీణ మీద చెయ్యి గట్టిగా వేసుకుంది.

అత్తయ్య అప్పుడు సీసాలో నీళ్లు తాగుతోంది. తాగడం పూర్తిచేసి, మూత పెట్టి, "ఇయ్యే దానికి, మన వీణ" అంది. వదిన కదల్లేదు. ఎవరో చేయి వేస్తే శ్రుతి పోతుందనీ, తీగ తెగితే తన గతేమిటనీ గొణిగింది. అత్తయ్య దాని పక్కన కూర్చుంది. "ఓడితే మనిసి సేతిలో ఓడాల. ఆ పిల్ల మైనం కరిగి ఓడిపోతే, నువ్వు గెలిసినట్టెలాగ అవుతాది?" అంది. నెమ్మదిగానే అంది. వదిన వీణని ఎత్తి ఆ అమ్మాయి చేతుల్లో పెట్టింది.

తలుపు వేసేశారు. మేము బయట కూర్చుని విన్నాం. కొంచెం సేపటికి అత్తయ్య నా వైపు వంగి, "మనదాని కంటే బాగా వాయిస్తంది కదే?" అని చెవిలో అడిగింది. లేదన్నాను. ఆవిడ నమ్మలేదు, నాకూ నమ్మకం లేదు. ఆ పిల్ల చేతిలో మా వీణ అంత బాగా పలకగలదని నాకు అప్పటిదాకా తెలీదు. తర్వాత వదిన వెళ్లింది, బాగానే వాయించింది. ఎప్పుడూ వాయించినట్టే వాయించింది.

ఉద్యోగం ఆ అమ్మాయికే వచ్చింది. కబురు తెలిశాక వదిన చాలా రోజులు తల్లితో మాట్లాడలేదు. నేనూ వదిన పక్షమే. పరాయి పిల్ల కోసం కన్నకూతురి నోటి దగ్గర కూడు తీసేసిందని మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా అన్నారు. అత్తయ్య మాత్రం గోదాము పని చూసుకుంది. ఒకరోజు గోదాములో బెల్లం దిమ్మలకి గోనె కప్పుతుంటే వదిన వెళ్లి, నువ్వు ఆ రోజు నోరు మూసుకునుంటే నా బతుకు బాగుపడేదని అనేసింది. "అవునే, ఉద్దోగం వచ్చుండును," అంది అత్తయ్య. "మరి ఆ పిల్లని అలాగ ఏడస్తా వదిలేసి వచ్చి, మల్లీ ఈ వీణ మీద సెయ్యెయ్యగలిగేదానివేటి?" ఆ మాటంటూ ఆవిడ ఏడ్చిందనీ, కూతురికి కనపడకుండా గోనెపట్టా వైపు తిరిగిపోయిందనీ వదినే నాకు తర్వాత చెప్పింది. బాధ లేక ఇమ్మన్న మనిషి కాదు ఆవిడ.

వదిన బొబ్బిలిలోనే ఉండిపోయింది. ఒక బడిలో సంగీతం చెబుతుంది, సాయంత్రాలు ఇంటి దగ్గర పిల్లలకి నేర్పుతుంది. డబ్బు పెద్దగా లేదు, పేరు బొబ్బిలి దాటలేదు. కానీ ఒక్క రోజు కూడా సాధన మానలేదు. అత్తయ్య కిందటేడు వానాకాలంలో పోయింది. పదోరోజు అందరూ వెళ్లాక వదిన, నేను గోదాము అరుగు మీద కూర్చున్నాం. ఉన్నట్టుండి వదిన, "అమ్మ సెప్పకపోయినా నేనే ఇచ్చేద్దునని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చానే. ఇచ్చుండను," అంది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. నేనూ ఇచ్చుండను. ఇవ్వమని చెప్పడానికి మా అత్తయ్యకి గుక్కెడు నీళ్లు తాగేంత సేపు పట్టింది. ఆ మాటని బాధ లేకుండా తలుచుకోవడానికి మా ఇద్దరికీ సగం జీవితం పట్టింది.